నాలుగో గడి

పోర్టు ఆఫీసులో సెలవు చీటీలు చూసే పని నాది.
పేరు, హోదా, ఎన్ని రోజులు,
నాలుగో గడిలో కారణం.
ఇనప ఖనిజం దుమ్ము కిటికీ సందుల్లోంచి వచ్చి
నా సంతకాల మీద కూర్చునేది
ఎర్రగా, సాక్షి వేలిముద్రలా.

జూన్ నడిమికి వేట నిషేధం ఎత్తేసేవారు.
సరిగ్గా ఆ వారమే కళాసీ లెంక అప్పన్నకి
కడుపునొప్పి.
నాలుగో రోజున నా బల్ల మీద
పేపర్లో చుట్టిన రెండు వంజరాలు.
"తగ్గిందా?"
"తగ్గిపోనాది బాబూ, ఇంకేటుంటాది!"
చొక్కా నిండా బావమరిది పడవ వాసన.

చందనోత్సవానికి ముందురోజు సగం సెక్షనుకి జ్వరం.
సింహాచలం కొండ చుట్టూ రాత్రంతా నడిచొచ్చిన వాళ్లు
మర్నాడు "నడుము పట్టింది" అని రాసేవారు.
అది మాత్రం కొంత నిజం.
టైమ్ కీపర్ భుజంగరావు బామ్మని మూడుసార్లు చంపాడు.
మూడోసారి అడిగాను,
ఈవిడ ఏ వైపు బామ్మయ్యా అని.

అందరికీ సంతకం పెట్టాను.
తెలిసే పెట్టాను.
గడి నిండితే చాలు, రూలు అంతవరకే అడుగుతుంది.

ఒక్క మేరీ సుగుణ,
జ్ఞానాపురం నుంచి వచ్చే టైపిస్టు,
ఓ బుధవారం రాసింది:
"కారణం ఏమీ లేదు. రేపు ఇక్కడికి రాబుద్ధి కావడం లేదు."

తిప్పి పంపాను.
ఎర్రసిరాతో, సరైన కారణం తెలుపవలెను.

రూలు అనుకున్నాను.
రూలు కింద గోకితే కోపం,
ఇన్నేళ్లలో ఒక్కరోజు కూడా నేను రాయలేనిది
ఈమె ఒక్క గీతలో రాసేసిందని.
కోపం కింద కూడా గోకి ఉంటే
పక్క గదిలో టైపు మిషను మోగని గురువారం ఒకటి
కనిపించి ఉండేది.
అంత లోతుకి పోలేదు.

అరగంటలో కాగితం తిరిగొచ్చింది.
కొట్టేసిన వాక్యం పక్కన, "జ్వరం."
సంతకం పెట్టాను.
పూర్ణా మార్కెట్లో
సరుకు తూచి ఇచ్చినవాణ్ణి చూసినట్టు
ఒకసారి నన్ను చూసి వెళ్లిపోయింది.

ఆ ఏడే నన్ను డెప్యుటేషను మీద పారాదీప్ పొమ్మన్నారు,
జీతం ఎక్కువ.
"భార్యకు ఉబ్బసం" అని రాసి మానేశాను.
అది అబద్ధం కాదు. ఉబ్బసం ఉంది.
ఆ ఉబ్బసం ఈ ఊరి ఎర్రదుమ్ము వల్లే వచ్చింది.
ఆవిడ ఆ కాగితం దగ్గుతూ చదివింది,
మడిచి నా జేబులో పెట్టింది.

రిటైరై ఆరేళ్లు.
పొద్దున అయిదున్నరకి బీచ్ రోడ్డు,
వాహనాలు రానివ్వని వేళ,
రాగిజావ వాళ్లు గిన్నెలు సర్దుకునే వేళ,
కాళీమాత గుడి నుంచి సబ్‌మెరీన్ దాటి కొంత దూరం.
ఆరుంబావుకి ఎదురొస్తుంది,
తెల్లబూట్లు, చేతిలో మడిచిన గొడుగు,
ఎండ లేకపోయినా, వాన లేకపోయినా.
"వాకింగా అండీ?"
"అవునమ్మా, షుగరు. మీకో?"
"నాకూ షుగరేనండీ."
జ్ఞానాపురం నుంచి ఇంతదూరం
నడవడానికి ఎందుకొస్తుందో అడగను.
ఓ రోజు రాకపోతే
మర్నాడు తనే చెబుతుంది, "నిన్న జ్వరం."
తలూపుతాను, సంతకం పెట్టినట్టు.

నా రిపోర్టులో షుగరు లేదు.
ఆ కాగితం బీరువాలో, ఇన్సూరెన్సు బాండ్ల అడుగున పెట్టాను.
మొన్న తీస్తే బాండ్ల పైన ఉంది.

ఇవాళ ఇంటికొచ్చేసరికి
మా ఆవిడ కాఫీ తెచ్చింది.
ఎప్పటిలాగే పంచదార లేదు,
డికాక్షన్ మాత్రం ఇంకాస్త చిక్కన.
"షుగరు కదా మీకు" అంది
గ్లాసు బల్ల మీద పెడుతూ,
నా మొహంకేసి చూడకుండా.

గడి నిండింది.
తాగేశాను.